వేడి మీద మాత్రమే సెల్ఫ్ తీసుకోని కారు: బ్యాటరీ, సెల్ఫ్ మార్చినా తీరని సమస్య

కావలి_బాటసారి
మే 19, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. నాది పదకొండేళ్ళ చిన్న పెట్రోలు కారు, గేర్లు చేత్తో మార్చేది, ఇప్పటికి 94 వేల కిలోమీటర్లు తిరిగింది. ఉద్యోగరీత్యా వారంలో నాలుగు రోజులు కావలి నుండి నెల్లూరుకు జాతీయ రహదారి మీద వెళ్ళి వస్తుంటాను. ఫిబ్రవరి నుండి దీనికి ఒక వింత జబ్బు పట్టుకున్నది. ఉదయం ఇంటి దగ్గర తాళం తిప్పగానే చక్కగా స్టార్ట్ అవుతుంది. నెల్లూరు చేరి బండి ఆపి, పావుగంట తరువాత వచ్చి తాళం తిప్పితే ముందు భాగంలో ఎక్కడో ‘టక్’ మని ఒక్క చప్పుడు వస్తుందే తప్ప ఇంజను కదలదు. అరగంట నీడలో ఉంచితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది. రోజూ ఇలాగే జరిగితే పట్టుకోవడం తేలిక. ఒక వారం మూడుసార్లు ఇబ్బంది పెట్టి, మరుసటి వారం ఒక్కసారి కూడా మొరాయించదు.

మార్చిలో బ్యాటరీ మార్పించాను. ఆరు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది. ఏప్రిల్‌లో ‘సెల్ఫ్ పోయింది సార్’ అన్నారని బాగుచేసిన వేరే సెల్ఫ్ (ఇంజనును మొదట తిప్పే స్టార్టర్ మోటారు) వేయించాను. ఈసారి నాలుగు రోజులు బాగున్నది. రెండింటికీ కలిపి పదకొండు వేల రూపాయలు దాటింది. ఇప్పుడు అదే వర్క్‌షాపులో వైరింగ్ కిట్ మొత్తం మార్చాలంటున్నారు. రోహిణి కార్తె ఇంకా రానే లేదు, అప్పటి ఎండకు ఈ బండి నన్ను ఏ టీకొట్టు ముందు నిలబెడుతుందోనని భయంగా ఉన్నది. అనుభవజ్ఞులు దారి చూపగలరని మనవి.

మైపాడు_తీరం
మే 19, రాత్రి 9:52

ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతున్నదంటే నేను ముందుగా ఎర్త్ వైరునే (బ్యాటరీ మైనస్‌ను బాడీకి, ఇంజనుకు కలిపే దారి) అనుమానిస్తాను. మాది సముద్రానికి దగ్గర ఊరు, ఉప్పుగాలికి ఇక్కడ ప్రతి బండికీ ఎర్త్ లగ్గులు (వైరు కొసలకు బిగించే లోహపు బిళ్ళలు) చిలుము పట్టి పోతాయి. నా పాత డీజిల్ బండిలో ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ పైకి బాగానే కనిపించేది, కానీ సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మైనస్ బుడిపెకూ ఇంజను దిమ్మెకూ మధ్య 1.4 వోల్టులు చూపించింది. అక్కడ 0.2 లేదా 0.3 మించి ఉండకూడదు. పట్టీ విప్పి చూస్తే లగ్గు లోపల రాగి పోగులు సగం పొడిగా రాలిపోయాయి. మీరు కూడా అక్కడే మొదలుపెట్టండి.

చీమకుర్తి_గనులు
మే 20, ఉదయం 6:35

సెల్ఫ్ మార్చారు కాబట్టి సెల్ఫ్ మంచిదే అనుకోవద్దని నా సలహా. బాగుచేసిన సెల్ఫ్ అంటే చాలాసార్లు కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు మార్చి రంగు వేసినదే అయి ఉంటుంది. సెల్ఫ్ మీద ఉండే సోలినాయిడ్ (కరెంటు రాగానే లోపలి ఇనుప కడ్డీని, అంటే ప్లంజరును, లాగి మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి) లోపలి రాగి కాంటాక్టులను ఎవరూ విప్పి చూడరు. మా గ్రానైట్ లారీల్లో దుమ్ము లోపలికి వెళ్ళి ఆ కాంటాక్టులు ఒక పక్క అరిగిపోతాయి, అప్పుడు ప్లంజరు గట్టిగా కొడుతుంది కానీ కరెంటు మోటారుకు దాటదు. పానాతో రెండు దెబ్బలు వేస్తే తిరుగుతుంది. మా డ్రైవర్లు ఆ వైద్యంతోనే ఏడాది నెట్టుకొస్తారు, అది వేరే సంగతి.

విశ్రాంత_ఎలక్ట్రీషియన్_ఒంగోలు
మే 20, ఉదయం 8:20

కావలి మిత్రులకు నమస్కారం. బస్సుల డిపోలో ముప్పై ఏళ్ళు వైరింగ్ పనే చేశాను కాబట్టి నాలుగు ప్రశ్నలు అడుగుతాను. వీటికి జవాబులు రాకముందు ఇంకే సామానూ కొనవద్దు.

మొదటిది, ఆ ‘టక్’ ఎక్కడి నుండి వస్తున్నది? ఇంజను పక్కన ఉన్న ఫ్యూజుల పెట్టెలోని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) నుండి వచ్చే చప్పుడు పల్చగా, వేలి గోరుతో బల్ల మీద కొట్టినట్టు ఉంటుంది. సోలినాయిడ్ చప్పుడు ఇనుప దిమ్మె దెబ్బలాగా మొత్తం బండికి తెలుస్తుంది. లోపల కూర్చున్న మనిషికి ఈ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి, సగం తప్పుడు వైద్యాలకు మూలం అదే. సమస్య వచ్చినప్పుడు బానెట్ ఎత్తి, ఒకరు రిలే మీద వేలు ఆనించి ఉంచితే ఇంకొకరు తాళం తిప్పాలి.

రెండవది, హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పినప్పుడు కాంతి ఏమవుతున్నది? పూర్తిగా మసకబారితే బ్యాటరీ గాని, పెద్ద వైర్లు గాని, ఎర్త్ గాని కారణం. కాంతి చెక్కుచెదరకపోతే సెల్ఫ్ పెద్ద కరెంటు లాగడం లేదని అర్థం.

మూడవది, ఆ సమయంలో తాళం బొమ్మ ఉన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటున్నదా? కొన్ని బండ్లలో ఇమ్మొబిలైజరు తాళాన్ని గుర్తించకపోతే సెల్ఫ్‌ను తిరగనివ్వదు.

నాలుగవది, బ్యాటరీ మార్చినప్పుడూ సెల్ఫ్ మార్చినప్పుడూ బ్యాటరీ కింది పళ్ళెం విప్పారా?

కావలి_బాటసారి
మే 22, రాత్రి 8:05

ఈరోజు మధ్యాహ్నం నెల్లూరులో బండి మొరాయించింది, మొదటిసారిగా అందుకు సంతోషించాను. సహోద్యోగిని తాళం తిప్పమని నేను వేలు పెట్టి చూశాను. మీరన్నట్టు చప్పుడు రిలేది. సెల్ఫ్ వైపు చెవి పెట్టి విన్నాను, అటు నుండి ఏ కదలికా లేదు. హెడ్‌లైట్ల కాంతి కొంచెం కూడా తగ్గలేదు. తాళం బొమ్మ దీపం వెలిగి మామూలుగానే ఆరిపోయింది. హారన్‌కూ సెల్ఫ్‌కూ రిలేలు ఒకే రకం కావడంతో ఒకదాని స్థానంలో ఇంకొకటి మార్చి చూశాను, తేడా లేదు. పళ్ళెం సంగతి వర్క్‌షాపుకు ఫోను చేసి కనుక్కున్నాను, రెండుసార్లూ విప్పారట. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో మాత్రం అర్థం కాలేదు.

విశ్రాంత_ఎలక్ట్రీషియన్_ఒంగోలు
మే 22, రాత్రి 9:40

ఎందుకు అడిగానో చివరికి చెబుతాను, ఇప్పుడే చెబితే మీరు కొలవకుండా నేరుగా అక్కడికే వెళతారు.

మీ జవాబులతో సగం దారి తేలింది. లైట్లు తగ్గలేదు కాబట్టి బ్యాటరీని, ఎర్త్ పట్టీని ప్రస్తుతానికి పక్కన పెడదాం. సోలినాయిడ్ కొట్టడమే లేదు కాబట్టి చీమకుర్తి మిత్రులు చెప్పిన కాంటాక్టుల వరకు కథ వెళ్ళలేదు. రిలే కొడుతున్నది కాబట్టి తాళం స్విచ్చి, ఇమ్మొబిలైజరు, క్లచ్ స్విచ్చి ఉంటే అదీ తమ పని చేస్తున్నాయి. మిగిలింది రిలే కాంటాక్టుల నుండి సోలినాయిడ్ మీద 50 అని గుర్తు ఉండే సన్న టెర్మినల్ వరకు ఉన్న దారి, ఆ తరువాత సోలినాయిడ్ తీగచుట్టలు.

వేడికీ దీనికీ సంబంధం ఏమిటో చెబుతాను. సోలినాయిడ్‌లో రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి ప్లంజరును లోపలికి లాగేది, రెండవది లాగిన దానిని పట్టి ఉంచేది. లాగే చుట్ట కరెంటు మోటారు గుండానే ఎర్త్‌కు పోతుంది. పెద్ద కాంటాక్టులు కలిసిన మరుక్షణం దాని రెండు కొసలకూ ఒకే వోల్టేజీ వచ్చి ఆ చుట్ట ఖాళీ అయిపోతుంది. అంటే ఎక్కువ కరెంటు కావలసింది లాగే ఆ మొదటి క్షణంలోనే. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 30 డిగ్రీల దగ్గర ఉన్న చుట్ట 100 డిగ్రీలకు చేరితే నిరోధం నాలుగో వంతుకు పైగా పెరిగి, లాగే బలం తగ్గుతుంది. బండి నడుస్తున్నంత సేపు గాలి తగులుతూ ఉంటుంది. ఆపిన తరువాత పది నిమిషాల నుండి అరగంట వరకు ఇంజను వేడి అంతా బానెట్ కిందనే నిలిచి సెల్ఫ్‌ను ఉడికిస్తుంది. మీరు టీ తాగి వచ్చేది సరిగ్గా ఆ సమయానికే. దారిలో నిరోధం లేని బండి ఈ వేడిని తట్టుకుంటుంది. దారిలోనే వోల్టులు తినేసే చోటు ఒకటి ఉంటే ఉదయం గట్టెక్కి మధ్యాహ్నం ఓడిపోతుంది.

ఇప్పుడు చేయవలసింది ఇది. 50 టెర్మినల్ దగ్గర ఒక సన్న వైరు తగిలించి, ఆ మొదట్లోనే చిన్న ఫ్యూజు పెట్టి, వేడి గొట్టాలకు, తిరిగే బెల్టుకు తగలకుండా లోపలికి తెచ్చి మీటరుకు కలపండి. మీటరు రెండో వైరు బ్యాటరీ మైనస్‌కు వెళ్ళాలి. ఈ పనంతా బ్యాటరీ మైనస్ విప్పిన తరువాతనే చేయాలి. మీటరును డాష్‌బోర్డు మీద అంటించి రోజూ తిరగండి. తాళం తిప్పిన క్షణంలో కనిపించిన అంకె రాసుకోండి, స్టార్ట్ అయినా కాకపోయినా. జబ్బు ఉన్నప్పుడు తీసిన ఒక్క అంకె, జబ్బు లేనప్పుడు మార్చిన పది సామాన్ల కంటే ఎక్కువ చెబుతుంది.

సింగరాయకొండ_కొత్త_డ్రైవరు
మే 23, ఉదయం 7:15

పెద్దలు మన్నించాలి, ఒక సందేహం. పాత బండ్లకు బయట బిగించిన సెంట్రల్ లాకింగ్, అలారం వైర్లను తాళం కింద కోసి టేపు చుట్టి వదిలేస్తారు కదా, అక్కడ లూజ్ కాంటాక్ట్ ఉండవచ్చు కదా? పైగా ఇంత శ్రమ ఎందుకు, మీటరును బీప్ మీద పెట్టి ఆ వైరు రెండు కొసలూ చూస్తే తెగిందో లేదో క్షణంలో తెలుస్తుంది కదా?

విశ్రాంత_ఎలక్ట్రీషియన్_ఒంగోలు
మే 23, ఉదయం 10:30

మొదటి సందేహం సబబైనదే. రిలే లేకుండా తాళం నుండి నేరుగా సోలినాయిడ్‌కు వెళ్ళే పాత బండ్లలో నేను ముందు చూసేది ఆ టేపు అతుకులనే. కానీ ఈ బండిలో ఆ వైరు మోసేది రిలే చుట్ట కరెంటును మాత్రమే, అది ఒక ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు. అతుకు కొంచెం బలహీనంగా ఉన్నా రిలే కొడుతుంది, కొడుతున్నది కూడా.

రెండవది వినడానికి బాగుంటుంది కానీ మోసం చేస్తుంది. మీటరు బీప్ కొట్టడానికి మిల్లీఆంపియర్లలో కరెంటు చాలు. ఇరవై పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. లెక్క వేసి చూడండి. సోలినాయిడ్ లాగేటప్పుడు 15 ఆంపియర్లు అనుకుందాం, దారిలో 0.3 ఓముల నిరోధం ఉన్నదనుకుందాం. అక్కడే 4.5 వోల్టులు పోతాయి. అదే 0.3 ఓములను మామూలు మీటరుతో కొలిస్తే, మీటరు సొంత వైర్ల నిరోధమే దాదాపు అంత ఉంటుంది కాబట్టి, మీరు ‘వైరు బాగానే ఉంది’ అని రాసుకుంటారు. అందుకే బరువు మోస్తున్నప్పుడే కొలవాలి. ఎద్దు కుంటుతున్నదో లేదో కొట్టంలో కట్టేసి చూస్తే తెలియదు, బండి కట్టి చూడాలి. ఒంగోలు వాడిని, ఎద్దు పోలిక రాకుండా ఉండదు.

ఇంకొక మాట. ఎల్ఈడీ టెస్టరు కూడా ఇదే విధంగా మోసం చేస్తుంది. మీటరు లేనివారు ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికి టెస్ట్ ల్యాంపుగా వాడుకోవచ్చు. అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి బాగా చెడిన దారిని మసక వెలుగుతో పట్టిస్తుంది.

కావలి_బాటసారి
మే 27, రాత్రి 9:30

నాలుగు రోజుల అంకెలు ఇవి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఇంజనును తిప్పుతుండగా 50 దగ్గర 8.7, 8.9, 8.8 వోల్టులు వచ్చింది, అదే సమయంలో బ్యాటరీ బుడిపెల మధ్య 10.4. నిన్న మధ్యాహ్నం నెల్లూరులో మళ్ళీ మొరాయించినప్పుడు 50 దగ్గర 7.1 మాత్రమే ఉన్నది, బ్యాటరీ బుడిపెల మధ్య 12.0. తాళం అలాగే పట్టుకుని ఉండగా ఒకసారి ఉన్నట్టుండి 7.1 నుండి 8.3 కు ఎగబాకి ఇంజను తిరిగింది. నేను ఏమీ ముట్టుకోలేదు. బహుశా పక్కనే ఒక లారీ వెళ్ళిన అదురుకు కావచ్చునేమో.

మైపాడు_తీరం
మే 27, రాత్రి 10:05

బ్యాటరీ 12.0, 50 దగ్గర 7.1 అంటే దాదాపు 5 వోల్టులు మాయమవుతున్నాయి. మీరు మైనస్ బుడిపె నుండి కొలిచారు కాబట్టి ఆ నష్టం ప్లస్ దారిలోనే ఉన్నది, ఎర్త్‌లో కాదు. నా అనుమానం తప్పని ఒప్పుకుంటున్నాను.

విశ్రాంత_ఎలక్ట్రీషియన్_ఒంగోలు
మే 28, ఉదయం 7:50

ఆ ఎగబాకిన అంకె బంగారం లాంటిది. చుట్ట లోపం అయితే అంకె అలా గెంతదు. ఎక్కడో రెండు లోహాలు తాకీ తాకకుండా ఉన్నాయి. ఇక దారిని ముక్కలు చేసి కొలవండి. సమస్య ఉన్నప్పుడు, ఒకరు తాళం పట్టుకుని ఉండగా, మీటరు ఒక కొసను బ్యాటరీ ప్లస్ మీద, రెండవ కొసను వరుసగా రిలే లోపలికి వచ్చే కాలు మీద, బయటకు వెళ్ళే కాలు మీద, చివరికి 50 మీద పెట్టండి. ఈసారి మీటరు చూపేది మిగిలిన వోల్టేజీ కాదు, దారిలో పోయిన వోల్టేజీ. ఏ రెండు చోట్ల మధ్య పెద్ద గెంతు వస్తే దోషం వాటి మధ్యనే ఉన్నది. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి, చేతులు ఫ్యానుకు దూరంగా ఉండాలి. తాళం ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి పట్టవద్దు, ఆ స్థితిలో లాగే చుట్ట కాలిపోవచ్చు.

కావలి_బాటసారి
మే 31, సాయంత్రం 6:45

దొరికింది. నిన్న మధ్యాహ్నం ఎండలో సహోద్యోగిని మళ్ళీ బ్రతిమాలుకున్నాను. రిలే లోపలి కాలు వరకు 0.1, బయటి కాలు వరకు 0.3, 50 వరకు 4.8. అంటే నాలుగున్నర వోల్టులు రిలే తరువాతి వైరులోనే పోతున్నాయి. సాయంత్రం ఇంటికి తెచ్చి ఆ వైరును చేత్తో తడుముకుంటూ వెళితే, అది బ్యాటరీ పళ్ళెం కిందకు దిగి అక్కడ రెండు వైర్లను జోడించే ఒక కప్లర్‌లో కలుస్తున్నది. పళ్ళెం విప్పాను. కప్లర్ పైన తెల్లటి పొడి, లోపల పచ్చటి చిలుము. ఆడ పిన్ను నోరు తెరుచుకుని వదులైపోయింది, దాని వెనక వైరు రెండు అంగుళాల దాకా నల్లబడింది.

విశ్రాంత_ఎలక్ట్రీషియన్_ఒంగోలు
మే 31, రాత్రి 8:10

ఇప్పుడు పళ్ళెం సంగతి. బ్యాటరీ మారిస్తే ఆరు రోజులు, సెల్ఫ్ మారిస్తే నాలుగు రోజులు బాగున్నదని మీరు రాసినప్పుడే ఈ రెండు పనులకూ ఉమ్మడిగా కదిలేది ఏమిటని ఆలోచించాను. పళ్ళెం విప్పినప్పుడల్లా దాని కింద ఉన్నవి ఊగి, చిలుము గీరుకుని, కొన్నాళ్ళు కొత్త లోహం తగులుతుంది. వర్క్‌షాపు వారు అబద్ధం చెప్పారని నేను అనను, బాగైందని వారికీ నిజంగానే అనిపించి ఉంటుంది. పాత బ్యాటరీ నుండి ఏళ్ళ తరబడి పొంగిన ఆమ్లం ఆ కప్లర్ మీద పడింది, ఆపైన మన కోస్తా గాలి మిగతా పని చేసింది.

బాగు చేసే పద్ధతి: బ్యాటరీ మైనస్ ముందుగా విప్పండి. పళ్ళేన్ని, చుట్టుపక్కల ఇనుమును వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి ఆరనివ్వండి. నల్లబడిన వైరును మెరిసే రాగి కనిపించే దాకా కోసేయండి, నల్ల రాగి మీద టంకం పట్టదు, లగ్గు నిలవదు. అంతే మందం గల కొత్త వైరు ముక్క, కొత్త పిన్నులతో కొత్త కప్లర్ వేయించండి. పాత పిన్నును ముక్కుశ్రావణంతో నొక్కి సరిపెట్టవద్దు, అది వచ్చే వేసవి వరకు కూడా ఆగదు. వీలైతే కప్లర్‌ను పళ్ళెం కింద నుండి పక్కకు మార్చి కట్టండి.

మైపాడు_తీరం
మే 31, రాత్రి 8:40

కప్లర్ లోపల గ్రీజు పూయవచ్చా? మా వైపు ఇంజను గ్రీజునే నింపేస్తారు.

విశ్రాంత_ఎలక్ట్రీషియన్_ఒంగోలు
మే 31, రాత్రి 9:05

ఇంజను గ్రీజు వద్దు, వేడికి కరిగి దుమ్ము పట్టి బంకలా మారుతుంది. పిన్నులు గట్టిగా కూర్చున్న తరువాత సిలికోన్ గ్రీజు పల్చగా పూస్తే తేమ రాదు. బ్యాటరీ బుడిపెల మీద మాత్రం బిగించిన తరువాత పెట్రోలియం జెల్లీ చాలు. బిగించక ముందు పూయకూడదు.

చీమకుర్తి_గనులు
జూన్ 1, ఉదయం 6:20

మా లారీలకు కూడా ఈ మూడు అంకెల పరీక్ష చేయిద్దామని డ్రైవర్లకు చెప్పాను. పానా దెబ్బే నయం అంటున్నారు.

కావలి_బాటసారి
జూన్ 12, రాత్రి 9:00

కొత్త వైరు, కప్లర్, పనివాడి కూలి అన్నీ కలిపి 450 రూపాయలు అయ్యాయి. చల్లటి ఇంజనుతో 50 దగ్గర ఇప్పుడు 10.0 వస్తున్నది, బ్యాటరీ దగ్గర 10.4 ఉన్నప్పుడే. రోహిణి కార్తె ఎండల్లో నెల్లూరు ఆరుసార్లు వెళ్ళి వచ్చాను, ఒక్కసారి కూడా మొరాయించలేదు. వేడి మీద అతి తక్కువగా వచ్చిన అంకె 9.8. మీటరును ఇంకా డాష్‌బోర్డు మీద నుండి తీయలేదు, ఈ నెలాఖరు వరకు ఉంచుదామనుకుంటున్నాను. వర్క్‌షాపులో వదిలి వచ్చిన నా పాత సెల్ఫ్ అడిగి తెచ్చుకుని, వేరే చోట బల్ల మీద పెట్టి తిప్పించి చూస్తే నిక్షేపంగా తిరిగింది. దానిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను.